కరువు సీమలో కొండలూ ఊళ్లూ: కోటగోడల కింద నీటి లెక్క

1775 చివర్లో హైదర్ అలీ సైన్యం గుత్తి కొండ చుట్టూ దిగింది. కోటలో ఉన్నది మురారిరావు ఘోర్పడే. ఆర్కాటు యుద్ధాల నాటి నుంచీ ఆయన గుర్రపు దండును ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ నిజామూ అందరూ లెక్కలో పెట్టుకునేవాళ్లు. కింది పేట హైదర్ చేతికి చిక్కింది. పేటలోని జనం గొడ్డూ గోదా తోలుకుని పై కోటలోకి ఎక్కారు. చిక్కంతా అక్కడే మొదలైంది. దండుకు సరిపోయే నీళ్లు ఊరందరికీ ఎక్కడ సరిపోతాయి? బేరం మొదలైంది, సొమ్ముకు పూచీగా ఒక యువకుణ్ణి హైదర్ శిబిరానికి పంపారు. విందులో మాటల మధ్య ఆ కుర్రవాడు కోటలో ఇక మూడు రోజుల నీళ్లే ఉన్నాయని నోరు జారాడని మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ చెబుతాడు. హైదర్ బేరం పక్కన పెట్టి ముట్టడి బిగించాడు. గుత్తి లొంగిపోయింది. మురారిరావు కబ్బాల దుర్గంలో బందీగా కన్నుమూశాడు.

అనంతపురం పీఠభూమిలోని కొండల గురించి మాట్లాడేటప్పుడు ఈ కథను మొదట చెప్పుకోవాలి. ఎందుకంటే ఇక్కడి కొండల గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది గోడలు చూశారు, బురుజులు లెక్కపెట్టారు, ఎవరు ఎప్పుడు గెలిచారో పట్టికలు వేశారు. భక్తులు కొండమీది దేవుణ్ణి చూశారు. గనుల వాళ్లు రాయి రంగు చూశారు. పెనుకొండ, గుత్తి, రాయదుర్గం లాంటి పాత పట్టణాలు అసలు ఆ కొండల కిందే ఎందుకు పుట్టాయి, అక్కడే ఎలా నిలిచాయి అన్న ప్రశ్నకు ఈ మూడు చూపుల్లో ఏదీ పూర్తి జవాబు ఇవ్వదు. రక్షణ కోసం కొండ ఎక్కారనేది నిజమే, కానీ అది సగం నిజం. మిగతా సగం వాన నీటిది.

అనంతపురంలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ముందే పిండేసుకుంటాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి వట్టిపోతాయి. పడే వాన కూడా తీరుగా పడదు. రెండు మూడు గట్టి జల్లుల్లో కురవాల్సిందంతా కురిసి, ఆ పైన వారాల తరబడి ఎండ కాస్తుంది. ఎర్రనేల ఆ జల్లులో కొంత తాగేస్తుంది, మిగతాది ఎండ లాగేస్తుంది. అలాంటి చోట తాగకుండా నీళ్లన్నీ కిందికి వదిలేసేది ఒక్క బోడి బండే. ఎకరం బండ మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్ల నీళ్లు జారతాయి. కొండ కింద కట్ట వేసుకున్న ఊరికి చిన్న జల్లు కూడా పనికొస్తుంది. అదే జల్లు మైదానంలో కురిస్తే నేల తడిసి ఊరుకుంటుంది.

ఈ బండలు 250 కోట్ల ఏళ్లకు పైబడినవి. రామనగరం దగ్గర మొదలై హంపీ దాటిపోయే గులాబీ ఛాయ గ్రానైటు పట్టీ ఒకటి కల్యాణదుర్గం, రాయదుర్గం వైపు నుంచే ఉత్తరానికి సాగుతుంది. దాని చుట్టూ అంతకంటే పాత నైసు రాళ్లు. పైనున్న బరువైన పొరలు కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయేసరికి లోపలి రాయి కాస్త ఉబ్బి, పొరలు పొరలుగా విచ్చింది. అందుకే ఇక్కడి కొండల మీద మట్టి తక్కువ, నున్నటి బండలూ ఒకదానిమీదొకటి నిలబడ్డ గుండ్లూ ఎక్కువ. పొర విచ్చిన చోట సందుల్లో, గుంతల్లో వాననీరు నిలుస్తుంది. ఊళ్లలో వాటిని దోనలంటారు. పశువుల కాపరులకు ఏ కొండమీద ఏ దోనలో ఎన్నాళ్లు నీళ్లుంటాయో కంఠపాఠం. గ్రానైటును నిలువునా చీల్చుకుని పైకొచ్చిన నల్లరాతి పట్టీలు కూడా ఈ జిల్లాలో చాలా చోట్ల కనబడతాయి. పొలాల మధ్య గోడ కట్టినట్టు బారుగా సాగే నల్ల గుట్టలు అవే. నేల లోపల ఊట నీటిని ఒక పక్కన ఆపేసే అడ్డుకట్టల్లా అవి పని చేస్తాయి. ఒక రైతు బావిలో నీళ్లుండి, గుట్ట అవతలి రైతు బోరు ఎండిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇలాంటి రాతిని ఇలాగే వాడుకున్న వాళ్లు మరో ఖండంలో కూడా ఉన్నారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో హైడెన్ అనే చిన్న ఊరి పక్కన వేవ్ రాక్ అనే గ్రానైటు కొండ ఉంది. వాన తక్కువ గోధుమ సీమ అది. 1928లో అక్కడి ప్రభుత్వం కొండ వాలు వెంట సన్నటి గోడ కట్టించి, బండ మీద జారే నీళ్లన్నీ ఒక జలాశయంలోకి మళ్లించింది. లోకం నలుమూలల నుంచీ వచ్చే యాత్రికులు కెరటం లాంటి ఆ రాతి వంపును చూసి పోతారు, తలెత్తితే గోడ కూడా కనబడుతుంది. దాన్ని చరిత్రగా కాపాడుకుంటున్నారు. అనంతపురంలో ఇదే పని ఇప్పటికి ఆరేడు వందల ఏళ్ల కిందటే జరిగింది. ఆ కాలువల జాడలను ఇక్కడ చరిత్రగా లెక్కపెట్టేవాళ్లు తక్కువ.

కొండతో ఇక్కడి మనుషుల బంధం కోటల కంటే చాలా పాతది. కల్యాణదుర్గం ప్రాంతంలోని పాలవాయి దగ్గర నవీన శిలాయుగపు బూడిద దిబ్బ ఉంది. పశువుల పేడ ఏళ్ల తరబడి పోగుపడి, కాలి, బూడిదైన దిబ్బ అది. 1960ల్లో వి.రామిరెడ్డి అక్కడ తవ్వకాలు జరిపారు. పశువులు మేపుకునే ఆ జనం గుట్టల అంచుల్లో బతికారు. గుట్ట వాలులో గడ్డి, దోనలో నీళ్లు, గుండ్ల నీడ దొరికేది. గుత్తికి దగ్గర్లోనే, ఇప్పటి కర్నూలు జిల్లాలో, ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. పద్నాలుగు పెద్ద శాసనాలూ చిన్న శాసనాలూ ఒకే చోట దొరికిన అరుదైన తావు అది. 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంట పడేదాకా చదువుకున్న లోకానికి వాటి సంగతి తెలియదు. మౌర్య చక్రవర్తి తన మాట చెక్కించడానికి జనం వచ్చిపోయే చోటే ఎంచుకుని ఉంటాడు. ఆ కొండల దాపున దారులు, మజిలీలు అప్పటికే ఉన్నాయని దీన్నిబట్టి అనుకోవచ్చు.

పెనుకొండ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

సముద్రమట్టానికి మూడు వేల అడుగులు దాటే కొండ, దాని పాదంలో ఊరు. ఉత్తర ద్వారం దగ్గరి 1354 నాటి శాసనం ప్రకారం మొదటి బుక్కరాయలు ఈ సీమను కొడుకు విరుపణ్ణ ఒడెయరుకు అప్పగించాడు, కోట నిర్మాణం ఆ కాలానిదే. హంపీ తర్వాత విజయనగర రాజులకు ఇదే రెండో గుండెకాయ. ఎర్రమంచి ద్వారం దగ్గర సుమారు 11 అడుగుల ఆంజనేయుడు, కోటలో గగన్ మహల్, పార్శ్వనాథుని జైన బసది, పక్కపక్కనే రామాలయం, శివాలయం, కొండమీద లక్ష్మీనరసింహుడు, ఊళ్లో బాబా ఫక్రుద్దీన్ దర్గా. బాబయ్య స్వామి అని హిందువులు కూడా మొక్కుకునే ఆ దర్గా ఉరుసుకు కర్ణాటక, తమిళనాడుల నుంచి కూడా జనం వస్తారు. ఇన్ని మతాలు ఒక కొండ నీడన చేరడం ఈ సీమలో వింతేమీ కాదు.

1565లో రక్కసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు పడిపోయాక, తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలనూ, ఖజానానూ వెంటబెట్టుకుని వచ్చింది పెనుకొండకే. తర్వాత అతనే సింహాసనం ఎక్కి అరవీటి వంశపు పాలన మొదలుపెట్టాడు. 1577లో బీజాపూరు సుల్తాను ముట్టడించాడు, కోట నిలిచింది. 1589లో గోల్కొండ మహమ్మద్ కులీ వచ్చాడు. ఆ ముట్టడి గురించి ఫిరిష్తా రాసిన కథనం గమనించదగ్గది. రెండో వేంకటపతిరాయలు సంధి మాటలతో కొద్ది రోజుల గడువు సంపాదించి, ఆ వ్యవధిలో కోటను సరుకులతో, సైన్యంతో నింపుకున్నాడట. ఈలోగా వానాకాలం దగ్గరపడింది. కృష్ణ పొంగితే తన రాజ్యానికి తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుందని సుల్తాను వెనక్కి మళ్లాడు. లోపల తిండీ నీళ్లూ ఉన్న కోట బయట ఉన్నవాడి కంటే ఎక్కువ రోజులు ఓపిక పట్టగలదు. గుత్తిలో ఇదే లెక్క తిరగబడింది.

అయినా 1592లో వేంకటపతి రాజధానిని చంద్రగిరికి మార్చాడు. అదీ కొండ కిందిదే. చరిత్ర పుస్తకాలు దీనికి ఉత్తరపు దాడులు కారణమని చెబుతాయి. ఆ కారణం సరైనదే. అయితే రాజధాని అంటే దండొక్కటే కాదు. ఆస్థానం, అంగళ్లు, గుళ్లు, ఏనుగులు, గుర్రాలు అన్నీ ఉంటాయి. ఒక్క కొండ జార్చే నీళ్లు కోటను నిలబెట్టగలవు కానీ రాజధానిని ఎదగనివ్వగలవా అనే ప్రశ్న ఈ సందర్భంలో అడగాల్సిందే.

ఆ ప్రశ్నను పెనుకొండ పాలకులు అప్పటికి రెండు వందల ఏళ్ల ముందే అడిగారనడానికి సాక్ష్యం ఉంది. ఇప్పుడు కర్ణాటకలో ఉన్న గౌరీబిదనూరు దగ్గర 1388 నాటి శాసనం ఒకటి దొరికింది. రెండో హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండగా, ప్రజలందరికీ నీళ్లే ప్రాణమని తలచి, హెన్నె నదిని, అంటే మన పెన్నను, పెనుకొండకు తీసుకురమ్మని సింగాయభట్టుకు ఆజ్ఞ ఇచ్చాడు. సింగాయభట్టు జలసూత్రం తెలిసినవాడు, ఇవాళ్టి మాటలో నీటిపారుదల ఇంజనీరు. అతను నది నుంచి కాలువ తవ్వించి సిరువెర చెరువులోకి నీళ్లు మళ్లించాడు, కాలువకు రాకుమారుడి పేరు పెట్టాడు. ఒక రాజుగారి పేరు పక్కన ఇంజనీరు పేరు కూడా రాతికెక్కడం మన శాసనాల్లో తరచుగా కనబడేది కాదు. యుద్ధాల తేదీలు బట్టీ పట్టించే పాఠ్యపుస్తకాల్లో సింగాయభట్టుకు ఒక వాక్యం దక్కాలి.

పెనుకొండ కొండకు సాహిత్యంలో కూడా చోటు దొరికింది. ఇక్కడ బాల్యం గడిపిన పుట్టపర్తి నారాయణాచార్యులు పన్నెండు పద్నాలుగేళ్ల వయసులోనే ‘పెనుగొండ లక్ష్మి’ కావ్యం రాశారు. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చుంటే అదే కావ్యం పాఠ్యగ్రంథంగా ఎదురైందని తెలుగు వాళ్లు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. శిథిలాల మధ్య ఆడుకున్న పిల్లవాడికి ఆ వైభవం, ఆ పతనం అంత దగ్గరగా తగిలాయి.

అనంతపురం పట్టణం పుట్టుక వేరు. దానికి కోట కొండ లేదు, చెరువు ఉంది. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364 ప్రాంతంలో పండమేరు నీళ్లకు కట్ట వేయించి, రెండు కొసల్లో రెండు ఊళ్లు నిలబెట్టాడు. ఒకటి బుక్కరాయసముద్రం, రెండోది అనంతసాగరం. రెండోదే పెరిగి అనంతపురమైంది. కట్ట తెగినప్పుడు ఊరి కోసం గండిలో ప్రాణం అర్పించిన ముసలమ్మ కథ సి.పి.బ్రౌన్ 1853లో అచ్చువేయించిన అనంతపురం రాజుల చరిత్రలో ఉంది. దాన్ని తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ రాశారు. ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి అడుగుల్లో ఒకటిగా విమర్శకులు ఎంచే కావ్యం ఒక చెరువు కట్ట మీద పుట్టింది. ఈ పట్టణాన్ని కొండల కథకు బయటిదిగా చూడకూడదు. కొండ లేని చోట మనిషి కొండ చేసే పనిని మట్టికట్టతో చేయించుకున్నాడు. బుక్కరాయసముద్రం వాళ్లకు మాత్రం దేవరకొండ, దాని మీద కొండమీదరాయుడు ఉన్నారు.

గుత్తికి తిరిగి వద్దాం. ఊరి చుట్టూ వలయంగా రాతి గుట్టలు, గుట్టకూ గుట్టకూ మధ్య గోడలు, అన్నిటికంటే ఎత్తైన గుట్ట మీద అసలు కోట. చుట్టూ ఉన్న నేలకంటే ఇంచుమించు వెయ్యి అడుగుల ఎత్తు. పైన ఆరో విక్రమాదిత్యుడి కాలపు కన్నడ శాసనాలున్నాయి. ఆ చాళుక్య రాజు 1076 నుంచి 1126 దాకా ఏలాడు. బుక్కరాయల కాలపు శాసనం గుత్తిని దుర్గాలకు రాజు అంటుంది. కొండ కొసన, లోయ అంచున, సున్నంతో నున్నగా మెరుగుపెట్టిన చిన్న మంటపం ఉంది. మురారిరావు గద్దె అంటారు. అక్కడ కూర్చుంటే కింద ఊరంతా అరచేతిలో ఉన్నట్టు కనబడుతుంది. సందర్శకులు అక్కడ ఫొటోలు దిగి వెనక్కి మళ్లుతారు. దిగేటప్పుడు బండ చీలికల వైపు చూస్తే ఈ కోట అసలు కిటుకు కనబడుతుంది. చీలికకు అడ్డంగా రాతి గోడ కట్టి, పైనుంచి జారే వాన నీటిని పట్టి నిలిపిన తొట్లు అవి. ఒక బావికి కొండ కింది వాగుతో లోపలి దారి ఉందని జనం నమ్మేవారని పాత గెజిటీర్లు రాశాయి. నిజమైనా కాకపోయినా, అలాంటి నమ్మకం పుట్టిందంటే పైన ఉన్నవాళ్లకు దేని భయం ఉండేదో తెలుస్తుంది.

1800లో ఈ సీమ కుంఫిణీ చేతికి వచ్చింది. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ పనిచేశాడు. దత్తమండలాల్లో 80 మంది దాకా ఉన్న పాలెగాళ్లను అణచివేయడమంటే ఆచరణలో వాళ్ల కొండలను వాళ్ల చేతుల్లోంచి తీసుకోవడమే. కొండ పోయాక పాలెగాడికి బేరమాడే బలం లేదు. కోటలు ఖాళీ అయ్యాయి, పేటలు కిందికి దిగాయి, కచేరీలు, ఆ తర్వాత రైలు మైదానంలోకి వచ్చాయి. కొండను కనిపెట్టుకుని ఉండే మనుషులు లేకపోయేసరికి తొట్ల పూడిక తీసేవాళ్లు కూడా లేకపోయారు. మన్రో మద్రాసు గవర్నరుగా పర్యటిస్తూ 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మొదట గుత్తి కోట కిందే పాతిపెట్టారు, 1831లో అవశేషాలను మద్రాసుకు తరలించారు. పత్తికొండలో ఆయన గుర్తుగా వేసింది చెట్ల తోపు, తవ్వించింది మెట్ల బావి. ఈ సీమకు తగిన స్మారకం అది.

రాయదుర్గం కథ చాలామటుకు ఇదే తీరుగా సాగుతుంది. పాలెగాళ్లు, తర్వాత టిప్పు, తర్వాత కుంఫిణీ. కొండ వాలులో సిద్ధుల బొమ్మలు చెక్కిన చిన్న రాతి గుహలు చూడదగ్గవి. కోటలు లేని కొండలకు కూడా ఇలాంటి గవులే, అంటే గుహలే, గుర్తింపు తెచ్చాయి. ఉరవకొండ గవిమఠం అందుకు ఉదాహరణ.

లేపాక్షి కొండది ఇంకో దారి. కూర్మశైలం అనే ఎత్తు తక్కువ గుట్ట మీద, అచ్యుతరాయల కాలంలో, 1530ల్లో, పెనుకొండ అధికారి విరుపణ్ణ వీరభద్రాలయం కట్టించాడు. గుట్ట రాయే గుడి నేల, గుట్ట గుండే నాగలింగం, ఊరి బయటి మరో గుండు 27 అడుగుల పొడవు నంది. గుడి చుట్టూ తిరిగేటప్పుడు తల ఎత్తి కప్పు చిత్రాలు చూసేవాళ్లు ఒకసారి తల వంచి కూడా చూడాలి. బండ మీద వరసగా, జానెడు ఎడంతో, చిన్న చిన్న చదరపు గుంతలు కనబడతాయి. రాయిని గీత గీసినట్టు చీల్చడానికి చీలలు దిగగొట్టిన చోట్లు అవి. కొన్ని వరసల్లో రాయి చీలి వెళ్లిపోయింది, సగం గుంతల అంచులు మిగిలాయి. కొన్ని వరసల్లో పని మధ్యలో ఆగిపోయింది. పక్కనే రాతి నేలలో గుండ్రంగా తొలిచిన పళ్లేలు ఉన్నాయి, శిల్పులు భోజనం చేసినవని చెబుతారు. గుట్టను తవ్వి పారేయకుండా ఎంత కావాలో అంతే తీసుకుని, మిగతాదాని మీదే గుడి నిలబెట్టారు. లేపాక్షి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది.

ఈ కొండల గురించి వచ్చిన రచనలను ఒకచోట పెట్టి చూస్తే ఖాళీ ఎక్కడుందో తెలుస్తుంది. రాబర్ట్ సూవెల్ 1900లో విజయనగరాన్ని మరచిపోయిన సామ్రాజ్యంగా ప్రపంచానికి పరిచయం చేశాడు. ఆయన కళ్లు హంపీ మీదా, విదేశీ యాత్రికుల రాతల మీదా నిలిచాయి. 1905లో డబ్ల్యు.ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం గెజిటీరు ఇప్పటికీ దాటలేని ఆధారం. కొండల వరసలు, కోటలు, కరువులు, చెరువులు అన్నీ అందులో ఉన్నాయి, కానీ వేర్వేరు అధ్యాయాల్లో ఉన్నాయి. కొండ సంగతి ఒకచోట, చెరువు సంగతి మరోచోట. రెండింటినీ కలిపే వంక మధ్యలో జారిపోయింది. కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతుల్లో ఊరి కరణాలు ఆ వంకను వదల్లేదు. ఎవరు ఏ కట్ట వేయించారో, ఏ తూము కింద ఎవరికి మాన్యం ఉందో చెబుతూ పోయారు. బర్టన్ స్టైన్ విజయనగర పాలన మీదా, మన్రో మీదా లోతుగా రాశాడు. ఆయన ప్రశ్నలు అధికారం గురించినవి. హంపీ చుట్టుపక్కల పొలాలు, చెరువులు, కాలువలను నేల మీద నడిచి పరిశీలించిన క్యాథలీన్ మారిసన్ పని, 1995లో వచ్చిన పుస్తకంతో మొదలుపెట్టి, నగరాన్ని నీటి వైపు నుంచి చదవడం ఎలాగో చూపించింది. పెనుకొండకు, గుత్తికి అలాంటి పరిశీలన రావాలి. కైఫీయతులు, శాసనాలు, భూగర్భ పటాలు చేతిలో ఉన్నాయి. వాటిని కలిపి చదివే పని మిగిలింది.

ఈ పని ఆలస్యమైన కొద్దీ చదవాల్సిన కొండలే తగ్గిపోతున్నాయి. జిల్లా పడమటి అంచున ఓబుళాపురం దగ్గర ఇనుప ఖనిజం కోసం కొండ తవ్వేసిన తీరు దేశమంతా చూసింది. 2009లో కేసు సీబీఐకి వెళ్లింది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు తవ్వకం ఆపించింది. రెండు రాష్ట్రాల సరిహద్దు రాళ్లు ఎక్కడున్నాయన్నదే తగవైంది. కొండే హద్దుగా బతికిన సీమలో కొండ పోతే హద్దు కూడా పోయింది. రామగిరి కొండల్లో బంగారం తవ్వకం 2001లో ఆగిపోయింది. అదే రామగిరి కొండల మీద 1990ల నుంచి గాలిమరలు తిరుగుతున్నాయి. గాలి కరెంటు అవసరమే, దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. కానీ ఒక్కో మర దగ్గరికి కొండ చెక్కి వేసిన రోడ్డు వాన నీటి దారిని మారుస్తుంది, మట్టిని కుంటల్లోకి దించుతుంది. గ్రానైటు క్వారీల నష్టం ఇంకా సూటిగా కనబడుతుంది. చెరువుకు నీళ్లు జార్చే బండ లారీల్లో ఎక్కి వెళ్లిపోతుంది, మిగిలిన గోతిలో వాన ఆగిపోతుంది. కట్ట బాగానే ఉంటుంది, తూము బాగానే ఉంటుంది, చెరువు మాత్రం మరవ పారదు.

వంకలు మూసుకుపోతే ఏమవుతుందో 2022 అక్టోబరులో అనంతపురం చూసింది. నడిమి వంక పొంగి కాలనీలు మునిగాయి. కరువుకు పేరుబడ్డ పట్టణంలో జనాన్ని పడవల్లో తరలించాల్సి వచ్చింది. కరువూ వరదా ఇక్కడ వేర్వేరు రోగాలు కావు. పైనుంచి వచ్చే నీళ్లకు నిలిచే చోటు లేకపోతే ఆ ఏడాది వరద, పై ఏడాది కరువు.

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో పని మొదలుపెట్టింది. దాని కోసం, చుట్టుపక్కల ఊళ్ల కోసం హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు శ్రీశైలం నుంచి ఎత్తిపోసుకుంటూ గొల్లపల్లి జలాశయానికి తెచ్చారు. వందల కిలోమీటర్ల దూరం నుంచి నీళ్లు రావడం ఈ సీమకు పెద్ద ఊరట, రైతుల దశాబ్దాల పోరాట ఫలం. అది వచ్చిందని కొండ నీటిని వదిలేసుకోవడం మాత్రం తెలివైన పని కాదు. కృష్ణలో నీళ్లున్న ఏడాది కాలువ పారుతుంది, కరెంటు ఉంటేనే పంపు తిరుగుతుంది. కొండ నీళ్లకు ఖర్చు లేదు.

చట్టం చూపు కూడా గోడల దగ్గరే ఆగిపోతోంది. గుత్తి కోట, లేపాక్షి గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కట్టడానికి ఈ కొలత సరిపోతుంది, కొండకు సరిపోదు. కొండ వాలు, దాని కింది వంక, వంక చేరే చెరువు తరచుగా ఆ గీత అవతలే ఉంటాయి. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పెనుకొండ, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. గుత్తి, రాయదుర్గం అనంతపురంలో మిగిలాయి. ఎర్రగుడి ముందునుంచీ కర్నూలుది. కోట పురావస్తు శాఖది, వాలు అటవీ శాఖది లేదా రెవెన్యూది, రాయి గనుల శాఖది, చెరువు నీటిపారుదల శాఖది. నీళ్లకు మాత్రం ఇదంతా ఒకే దారి.

గుత్తి, పెనుకొండ, రాయదుర్గం, ఈ మూడు కొండలతో పని మొదలుపెట్టవచ్చు. కొండ కొస నుంచి చెరువు మరవ దాకా నీటిదారి మొత్తాన్ని సర్వే చేసి, ప్రతి దోన, ప్రతి తొట్టి, ప్రతి వంక రెవెన్యూ రికార్డుల్లోకి ఎక్కించాలి. ఆ పటం తయారయ్యేదాకా ఈ కొండల వాలుల్లో కొత్త క్వారీ లీజులు ఇవ్వకూడదు. జిల్లాలోని కళాశాలల భూగర్భ, చరిత్ర విభాగాలు ఇందుకు విద్యార్థులను పంపవచ్చు. ఊరి పెద్దలకు, కాపరులకు తెలిసిన జాడలను వాళ్లుండగానే రాసుకోవాలి. రెండు జిల్లాల కలెక్టర్లు, పురావస్తు శాఖ, గనుల శాఖ, నీటిపారుదల శాఖ ఒకే పటం ముందు కూర్చుని ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి.